కళాయి తీగ

రిచీ స్ట్రీట్, పదకొండు గంటల ఎండ.
గుణశీలన్ కొట్టు బల్ల మీద మూడు తీగ చుట్టలు
చీరల మడతలు విప్పినట్టు విప్పాడు.

"ఇది వెండి సార్. చెవిలో తేనె."
అడుగు ధర చెప్పాడు.
ఆ డబ్బుతో మా ఆవిడకి పట్టీలు చేయిస్తాను,
అవి కరెంటు లేకపోయినా మోగుతాయి.

"ఇది ఆక్సిజన్ తీసేసిన రాగి."
ఊపిరి తీసేశాక ఏం పాడుతుందయ్యా అన్నాను.
అతను నవ్వలేదు. పొద్దున్నించీ ఎందరన్నారో ఈ మాట.

మూడోది అడుగు అరలోంచి, దుమ్ముతో సహా.
పైన బెల్లం రంగు నూలు తొడుగు,
లోపల రాగి, రాగి మీద కళాయి.
ఏ మూతపడ్డ టెలిఫోన్ ఆఫీసు పేగుల్లోంచి లాగారో.
గోటితో గీకాను. ఇంకా తెల్లగానే ఉంది.

తొండయార్‌పేటలో మా వీధి మొగన కూచుని
కళాయి సాయబు నవాసారం చల్లితే
గిన్నెలోంచి పొగ లేచేది.
పాత గుడ్డతో ఒక్క తిప్పు తిప్పి
"ఇంక చింతపండు పులుసు కాచుకోండమ్మా,
చిలుమెక్కితే నన్నడగండి" అనేవాడు.
రాయపురంలో కిటికీ ఊచలు రెండేళ్ళు నిలవవు.
సముద్రం మాత్రం పులుసు కాదా?
పన్నెండడుగులు కోయమన్నాను.

పెట్టెలు హెప్సీబా టీచరుగారివి.
డెబ్బై నాలుగులో హార్బరు వేలంలో
వాళ్ళన్న కొన్నాడట, చేతిరిక్షాలో తెచ్చాడట.
టేకు చెక్క. కాగితపు గోపురాలు.
అంచులకు నేనే కొత్త తోలు అతికాను,
మూడు రాత్రులు, బట్టల క్లిప్పులతో.

"అన్నకి చివర్లో చెవి పోయింది" అన్నదావిడ.
"పాడే మనిషి గోడ అవతల నిలబడ్డట్టుందే,
మృదంగానికి తొప్పి చినిగిందా అనేవాడు.
మూడుసార్లు జనరల్ ఆసుపత్రికి తీసుకెళ్ళి
గుబిలి తీయించాను.
తర్వాత విసుగేసి,
పాట బాగానే ఉంది, నీకే వినబడదు అన్నాను.
పోయినేడు వెళ్ళిపోయాడు."

ఎడమ పెట్టె వీపు విప్పాను.
ఎప్పుడో ఎవరో వేసిన తీగలు,
రెండూ నలుపే. గుర్తు లేదు, ముడి లేదు.
ఒకటిన్నర వోల్టు సెల్లు తాకించాను.
గోపురం వెనక్కి ఉలిక్కిపడింది.
కుడి పెట్టెకి తాకించాను.
ముందుకు.

మళ్ళీ తాకించాను. మళ్ళీ అంతే.
ఇన్నేళ్ళూ ఒకటి గాలిని తోస్తుంటే
ఒకటి లాక్కుంటూ వచ్చింది.
మధ్యలో ఉండాల్సిన గొంతుకి
ఆ ఇంట్లో నిలబడే చోటు లేదు.

చాలాసేపు స్టూలు మీద కూచున్నాను.
సోల్డరింగ్ ఐరన్ తనంతట తాను వేడెక్కి,
స్పాంజి మీద పెడితే సుయ్‌మంది.

కొత్త తీగ వేశాను. ఎరుపు ఎరుపుకే.

ఆదివారం చర్చి నుంచి రాగానే
ఆవిడ చెప్పులు విప్పకుండా కూచుంది.
రికార్డు మీద సూది దిగింది.
పాడే ఆవిడ వచ్చి
రెండు పెట్టెల నడుమ, కేలండరు కింద,
మనిషి ఎత్తున నిలబడింది.
శ్వాస తీసుకోవడం కూడా వినబడింది.

టీచరుగారు కేలండరు వంకే చూస్తున్నారు.
పాట సగంలో, తల తిప్పకుండా,
"ఏం చేశావు నాయనా?"

నాలుక మీదికి సెల్లు వచ్చింది, గోపురం వచ్చింది,
జనరల్ ఆసుపత్రి వచ్చింది.

"తీగండీ" అన్నాను. "పాతది కుళ్ళింది.
ఇది మంచి తీగ."

"తీగలో ఇంతుంటుందా?"

"ఉంటుందండీ."

గుణశీలన్ వింటే వెండి చుట్ట నా చేతిలో పెట్టేవాడు.

బిల్లు రాశాను: తీగ, పన్నెండడుగులు, నూట ఎనభై.

వెనక చెక్క బిగించేముందు మాత్రం
ఎడమ పెట్టె లోపల, తేదీ వేసి,
పెన్సిలుతో రాసి పెట్టాను:
ఇక్కడ తీగలు తారుమారుగా ఉండేవి.
ఆయన చెవులు బాగానే ఉండేవి.