మెట్లు లేని వాద్యం

మంగళవారం సాయంత్రం క్లాసులో
నా శిష్యులు ఏడుగురు.
ఆరుగురికి పాలపళ్లు ఇంకా ఊడుతున్నాయి.
ఏడో ఆవిడ త్సియూరి.
పళ్లసెట్టు తీసి రుమాల్లో చుట్టి
అప్పుడు చోంగురిని ఒళ్లోకి తీసుకుంటుంది.
దవడ బిగిస్తే శ్రుతి వినబడదట.

చియాతురాలో ఆవిణ్ణి ఎరగనివాళ్లు లేరు.
గని మనుషుల్ని లోయ మీదుగా దాటించే రోప్‌వేలో
ముప్పై నాలుగేళ్ల కొలువు.
ఎడమచెయ్యి బ్రేకు మీద, కుడిచెయ్యి గంట మీద.
ఆ పెట్టెల్ని ఆపేశాక
చేతుల్ని ఏం చేసుకోవాలో తెలీక
ఉల్లిపాయలు తరుగుతూ కూర్చుందట,
తినేవాళ్లు లేకపోయినా.

"మీ వేళ్లు బిగుసుకుపోయాయి, ఈ వయసులో..."
మర్యాదగానే మొదలుపెట్టాను. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గు.
"పైగా దీనికి మెట్లుండవు.
స్వరం ఎక్కడుందో చెప్పే గీత ఉండదు.
వేలే వెతుక్కోవాలి."

చిగుళ్లన్నీ కనబడేలా నవ్వింది.
"మెట్లు లేకుండానే కదా నాయనా,
ఊరందర్నీ కొండెక్కించాను!"

ఆ ఎడమచెయ్యి
తీగని బ్రేకులాగే పట్టుకుంది.
వదలడం రావడానికి ఒక చలికాలం పట్టింది.
"గుడ్డు పట్టుకున్నట్టు, బామ్మా" అని
తొమ్మిదేళ్ల కేతో పక్కనుంచి చూపించేది.
బదులుగా ఆవిడ కేతోకి వినడం నేర్పింది.
"బరువెక్కితే ఉక్కుతాడు గొంతు మారుతుందే.
పెట్టెలో ఎందరున్నారో
కళ్లు మూసుకుని చెప్పేదాన్ని."

ఇప్పుడు ఏడు చోంగురీలకీ
శ్రుతి చేసేది త్సియూరే.
నేను కిటికీ దగ్గరికి తప్పుకుంటాను.

దీనివల్ల లాభమేమిటని అల్లుడు అడిగాడట.
డాక్టరమ్మ ఏవో చెప్పింది,
మతిమరుపు గురించి, కీళ్ల గురించి.
త్సియూరి చెప్పింది వేరు:
"నిద్రపట్టని రాత్రుల్లో ఇదివరకు
పోయినవాళ్లని లెక్కపెట్టేదాన్ని.
ఇప్పుడు మూడో తీగ మీద ఉంగరంవేలు
ఎన్నిసార్లు తప్పిందో లెక్కపెడతాను.
ఇదైతే పొద్దున్నే లేచి దిద్దుకోవచ్చు."

ఇన్నాళ్లకి ఒక్క పాట వచ్చింది.
అదీ ముప్పాతిక.
చివరి వరస ముందు ఆగిపోయి
గంట కొట్టబోతున్నట్టు కుడిచెయ్యి ఎత్తుతుంది.
స్టేషనొచ్చిందనుకుని
పిల్లలు సంచులు తగిలించుకుని లేస్తారు.