ఊరూ పేరూ లేని తీపి

నాలుగో రోజు.
కుడి ముక్కు తెరుచుకుంటే ఎడమది మూసుకుంటా ఉంది,
పొత్తు కుదరని అన్నదమ్ములు
ఒకే గదికి తాళం పంచుకున్నట్టు.

చిత్తూరు బెల్లం మండీలో
నా జీతం నా చేతులకు కాదు,
ముక్కుకు.
ముప్పై ఏండ్లుగా దిమ్మె విరిచి వాసన చూసి
ఇది ఐరాల గానుగ, ఇది తవణంపల్లి,
ఇది పొయ్యి మీద రవంత ఎక్కువ ఉడికింది,
దీంట్లో తెల్లమందు పడింది,
అని చెప్పే ముక్కు.

ఈ పొద్దు బెల్లం కుప్పల నడుమ నిలబడితే
సున్నం కొట్టిన గోడ ముందర నిలబడినట్టుంది.

పెద్దాస్పత్రిలో డాక్టరమ్మ షంషాద్
పుల్లతో నాలిక నొక్కి టార్చి వేసింది.
"ఆ... అను తాతా."
అన్నా. ఎండాకాలం బోరింగు పంపు కొట్టినట్టు వచ్చింది.
ముక్కు వెనక, గొంతు పైన, చెవిలోకి పోయే సందు దాకా
అంతా ఒకటే ఇల్లంట,
ఒక గదిలో దిగిన చుట్టం
అన్ని గదులూ తిరిగి చూస్తాడంట.
"సూది వెయ్యమ్మా" అంటే నవ్వింది.
"ఇది వైరస్సు, సూదికి బెదరదు.
ఉప్పునీళ్ళు పుక్కిలించు. మాట్లాడొద్దు.
గుసగుసా వద్దు."

మండీలో మాట్లాడకుండా ఉండేదా!

రాత్రి మా ఆడామె
మిరియాలు దంచి బెల్లం వేసి కాచింది.
వేడి తెలిసింది. కారం కొంచెం తెలిసింది.
తీపి మాత్రం
నాలిక మీద ఉత్త తీపిగా కూర్చుంది,
ఊరూ పేరూ లేకుండా.

తెల్లారి ఒక బండి దిగింది.
తెల్లగా, మరీ తెల్లగా.
"చెప్పు కుప్పుసామన్నా" అన్నాడు సేటు.
గొంతు చూపించినా, ముక్కు చూపించినా.
అప్పుడు
తూకం కాడ చీపురు పట్టే చెంగమ్మ
దిమ్మె విరిచి ముక్కు కాడ పెట్టుకుంది.
తల అడ్డంగా ఆడించింది.
ఎవురూ అడగలేదు ఆమెను ఎప్పుడూ.
పదకొండేండ్లు
నేను వాసన చూసి పారేసిన ముక్కలు
ఎత్తింది ఆమే కదా.

రేటు పడిపోయింది. రైతు తిట్టుకుంటా పోయినాడు.
పక్కనే నిలబడి నేను
ఆపుకోలేక మూడు తుమ్ములు తుమ్మినా.

ఆదివారానికి ముక్కు తిరిగొచ్చింది.
మొదట గోనెసంచి వాసన,
తర్వాత మంచు, పొగ,
తర్వాత ఐరాల.
చెంగమ్మ మాత్రం రాలేదు.
గొంతు పోయిందంట, దాము చెప్పినాడు.

మంచి దిమ్మె ఒకటి ఏరి కాగితంలో చుట్టినా.
మిరియాలు
దంచి ఇచ్చేవాళ్ళు ఉండారో లేదో ఆమెకు,
ఇన్నేండ్లలో అడగనే లేదు.