పాటిమన్ను

పళ్ళు తోముకునే బ్రష్షుతో
పెంకులు తోముతుంటాను.
రోజుకి మూడొందల యాభై, మధ్యాహ్నం మజ్జిగ.
నీలం ప్లాస్టిక్ బేసిన్లో నీళ్ళు
పది నిమిషాలకే వరదగోదారిలా ఎర్రబడతాయి.

ఎవరి కుండో. ఎవరు మాడబెట్టిన అంబలో.
అడుగున మసి ఇంకా వదల్లేదు.
రెండువేల ఏళ్ళు తోమకుండా వదిలేసిన గిన్నె
చివరికి నా వంతుకొచ్చింది.

కొలతలాయన తాళ్ళు కట్టి దిబ్బని గళ్ళుగా కోశాడు.
గోడకి చీటీలు గుచ్చాడు: ఒకటో పొర, రెండో పొర.
ఆరో పొర దగ్గర పట్నం ఉందంటాడు.
రేవుండేదంట, మట్టి ఉంగరాలు పేర్చిన బావులుండేవంట,
సీసం నాణేలతో బేరాలాడేవారంట,
సముద్రం అవతలి సారా జాడీల్లో దిగేదంట.
"ఊరి పేరేంటి బాబూ?" అంటే
టోపీ తీసి తల గోక్కుంటాడు.
పేరు ఇంకా దొరకలేదు.

మేం దీన్ని పాటిదిబ్బ అనేవాళ్ళం.
మా నాన్న పల్లాలరావు
దీన్ని బండికెత్తి అమ్మినవాడు.
పాటిమన్ను తోలితే కొబ్బరి విరగకాస్తుందని
లంకల్లో రైతులు ముందే బయానా ఇచ్చేవారు.
బండి ఆరు రూపాయలు, ఎద్దుల దాణా వాళ్ళదే.
ఇరవై వేసంగులు తోలాడు.
వీధులు తోలాడు, వాకిళ్ళు తోలాడు,
రాజు కొలువో కుమ్మరి వామో
చూడకుండా తట్టకెత్తాడు.
పూసలు తగిలితే నాకు,
ఇటుకలు తగిలితే ఇంటికి.

"సగం పోయిందమ్మా" అని కొలతలాయన నిట్టూరుస్తాడు.
పోలేదు బాబూ.
అరటిలోకి పోయింది, కందలోకి పోయింది.
ఇందాక మీరు తాగిన బొండం
ఏ వీధిదో నేను చెప్పలేను గానీ.

నిన్న పొద్దువాలేవేళ
ఐదో గుంటలో ఇటుకొకటి తేలింది.
మూరెడు పొడుగు, ఒంటినిండా ఊక గుర్తులు.
దాని మీద కుక్క అడుగు.
నాలుగు వేళ్ళు, ఒక మడమ,
గోళ్ళ గీతలు కూడా చెదరలేదు.
ఆరబెట్టిన పచ్చి ఇటుకల మీంచి
ఎవరో అదిలిస్తే పరిగెత్తినట్టుంది.
కుర్రాళ్ళంతా మూగారు. ఫోటోలు.
పక్కన నలుపూ తెలుపూ స్కేలు.

నేను బ్రష్షు కింద పెట్టేశాను.
దీని జత నాకు తెలుసు.

పేరమ్మలంకలో మా ఇంటి రెండో మెట్టది.
బడికి పోనని మారాం చేసిన రోజుల్లో
ఆ గుంటలో పిడికిలి పెట్టి కూర్చునేదాన్ని.
వానకి అందులో గుక్కెడు నీళ్ళు నిలిచేవి,
పిచ్చుక వచ్చి తాగిపోయేది.
అది ఎడంకాలని నాన్న అనేవాడు,
ఎలా తెలుసో.

ఎనభయ్యారు వరదలో
వైనతేయ మా ఇంటిని పునాది కిందనుంచి కొరికింది.
ముందు కొట్టం. తర్వాత కొబ్బరిచెట్లు,
నిలువునా, మాట్లాడుతూ మాట్లాడుతూ దిగిపోయినట్టు.
మూడోనాడు మెట్లు.
నాన్న గట్టుమీద నిలబడి లెక్కపెట్టాడు,
తను బండికి బండి లెక్కపెట్టినట్టే.
లంకంతా పోయాక కూడా
ఓటర్ల జాబితాలో రెండు ఎన్నికలదాకా ఊరుంది.
దానికి పొరల్లేవు. తాడు కట్టడానికి ఒడ్డు లేదు.
పేరొక్కటే నా నోట్లో మిగిలింది.

చెప్పాను కొలతలాయనకి.
శ్రద్ధగానే విన్నాడు, పుస్తకం తెరిచాడు,
పెన్ను కాగితం పైన ఆగింది.
"ఆధారం ఉండాలి కదమ్మా" అన్నాడు మెల్లగా.
"ఆయ్" అన్నాను.
చీటీ మీద రాశాడు:
ఇటుక. జంతువు పాదముద్ర. ఒకటి.

టార్పాలిన్ కప్పి అందరూ వెళ్ళాక
గుంట అంచున కూర్చున్నాను.
అవతల రొయ్యలచెరువుల్లో చక్రాలు నీళ్ళు కొడుతున్నాయి.
ఏటివైపునుంచి ఉప్పుగాలి.
ఆ కుక్క
ఒక కాలు ఇక్కడ ఆనించి
రెండోది నీళ్ళలో ఎక్కడో పెట్టి
ఇంకా మధ్యలోనే ఉంది.
అదిలించినవాడు ఎప్పుడో పోయాడు,
ఆ సంగతి దానికెవరూ చెప్పలేదు.

మా ఇంట్లో కుక్కల్ని పిలిచినట్టు
నాలుకతో చిన్న చప్పుడు చేశాను.

గట్టుమీద ఎవరిదో నల్లకుక్క
తలెత్తి చూసింది.