అరంగుళం

మాసాబ్‌ట్యాంక్ ఆఫీసులో రెండో అంతస్తు,
కిటికీ పక్కన వాలుబల్ల నాది. ట్రేసర్‌ని.
ఇరవై రెండేళ్ళు ఈ నగరాన్ని కింద నుంచి పైకి తీశాను:
కింద సర్వే కాగితం, పైన ట్రేసింగ్ క్లాత్,
మోచేతి చెమట అంటకుండా మధ్యలో ఓ జేబురుమాలు.

పసుపు ఇళ్ళకి. ఊదా ఫ్యాక్టరీలకి.
ఎరుపు బళ్ళకీ ఆసుపత్రులకీ.
ఆకుపచ్చ మాత్రం పెద్దసారు చెబితేనే.
సీసా అడుగున గడ్డకట్టి ఉండేది,
నీళ్ళు కలిపి సాగదీసేదాన్ని.

ఎనభై మూడు అనుకుంటా, జూన్.
జిల్లేళ్ళకుంట మీదుగా వంద అడుగుల రోడ్డు,
స్కేలు పెట్టి నిటారుగా లాగమన్నారు.
చైన్‌మన్ గఫార్ చాయ్ గ్లాసుతో బల్ల మీదికి వంగాడు.
"అమ్మా, మీరు గీత వెడ్తున్న కాడ
మోకాలు దాంక నీళ్ళుంటయి.
గొలుసు వట్టుకొని దిగింది నేనే గద."
ప్యాంటు మడిచి జలగలు పట్టిన మచ్చలు చూపించాడు.
నాలుగు. ఒకటి ఇంకా పచ్చిగానే ఉంది.

స్కేలు పక్కన పెట్టి ఫ్రెంచ్ కర్వ్ తీశాను.
అరంగుళం.
ఎవర్నీ అడగలేదు.
నేల మీద అది ఎన్ని గజాలో లెక్క కట్టలేదు కూడా.
సంతకాలు పడ్డాయి, జీవో వచ్చింది,
వంకర ఖాయమైంది.

మేం ప్లాన్ అన్నదాన్ని బయట పుకారు అనేవాళ్ళు.
నా బల్ల మీద ఇంకు ఆరకముందే
మలక్‌పేట ఇరానీ హోటల్లో దాని గజం రేటు తెలిసేది.
మేం పొలమని వదిలిన చోట సున్నం రాళ్ళు మొలిచేవి.
నోటరీ కాగితం మీద అరవై గజాలు,
ముందు ఒక గది, తర్వాత బోరు,
తర్వాత స్తంభం నుంచి దొంగతీగ,
తర్వాత ఓట్లు, ఓట్ల వెనక నల్లా,
ఎప్పటికో ఓ కంకర రోడ్డు.
అందరి తర్వాత మేము,
రంగుపెట్టె పట్టుకుని,
అక్కడేం ఉండాలో నిర్ణయించడానికి.

రోడ్డు కుంటని తప్పుకునే వెళ్ళింది.
కుంటే ఆగలేదు.
మట్టి లారీలు రాత్రిపూట వచ్చాయట,
గఫార్ చెప్పాడు, రిటైరైన రోజు, దండతోనే.
ఇప్పుడక్కడ ఐదంతస్తులు.
సెల్లార్లో మోటారు వేసవిలోనూ నడుస్తూనే ఉంటుంది.
మలుపు మాత్రం అలాగే ఉంది,
దేన్ని తప్పుకుంటోందో దానికే తెలియకుండా.

నిన్న వాన. బస్సు అక్కడ విసురుగా తిరిగింది.
అందరం ఎడమకి ఒరిగాం.
పక్క సీటామె ఒళ్ళోంచి సంచి జారి
కొత్తిమీర కట్టలు ఫుట్‌బోర్డు దాకా దొర్లాయి.
"ఎవడు గీసిండో గీ రోడ్డు,
వాని చెయ్యిరగ!"

అవునమ్మా అన్నాను.
వంగి, తడిసిన కట్టలు ఒక్కొక్కటే ఏరి
ఆమె సంచిలో వేశాను,
కుడిచేత్తోనే.