మూడో సిలిండర్

మూడు వారాలు రేడియో గొంతు పెంచుకుంటూ పోయి
ఆ చప్పుణ్ణి పెడచెవిన పెట్టాను.
గైమన్ దాటాక, పడమటి గాలికి ఎదురెక్కే మిట్ట మీద
బండి టక్కుమన్నప్పుడల్లా
వెనక తొట్టిలో పారో పలుగో దొర్లిందనుకున్నాను.
తొట్టి ఖాళీ అని నాకు తెలుసు.

బంకు కుర్రాడు పెట్రోలు నాసిరకం అన్నాడు.
మా బావ ఫ్యాను బెల్టు అన్నాడు, బానెట్ ఎత్తకుండానే.
గొర్రెల డాక్టరు కూడా ఒక మాట అన్నాడు.

ఎలూనెద్ ప్యూ షెడ్డు రేకులు పగలూ రాత్రీ గాలికి మోగుతాయి.
ముప్పయ్యేళ్ళు ఆ మోత కింద పనిచేసి
ఆవిడ ఎడం చెవి పూర్తిగా పోయింది.
కుడి చెవి పుకార్లకు మాత్రం పనికొస్తుంది.
"నువ్వు చెప్పకు, దాన్ని చెప్పనీ" అంది.

డెబ్బై ఆరు నాటి ఫోర్డు.
చల్లగా ఉన్నంతసేపూ పెద్దమనిషి.
వేడెక్కి ఆయిల్ పల్చబడేకొద్దీ
లోపల్నుంచి ఎవరో తలుపు కొడతారు.

ఆవిడ చీపురు కర్ర తెచ్చింది.
ఒక కొస ఇంజిను పొట్టకు ఆనించి
రెండో కొస పళ్ళతో కరిచిపట్టి
కళ్ళు మూసుకుంది.
చెవులు చెయ్యని పని దవడ ఎముక చేస్తుందట.
నోట్లో కర్ర ఉంది కాబట్టి మాటల్లేవు, వేళ్ళే:
తొక్కు. వదులు. మళ్ళీ తొక్కు.

వాల్వులైతే సన్నగా, కుట్టుమిషన్‌లా టికటికలాడతాయి.
పిస్టన్ వదులైతే పొద్దున్నే దగ్గి, వేడి పట్టాక సర్దుకుంటుంది.
ఇది కాలు తీసినప్పుడే గట్టిగా మాట్లాడుతోంది,
బరువు దించాక నొప్పి తెలిసినట్టు.

తర్వాత ప్లగ్గు తీగలు ఒక్కొక్కటే పీకింది.
ఒకటి. ఇంజిను కుంటింది, చప్పుడు చెక్కుచెదరలేదు.
రెండు. అంతే.
మూడోది పీకగానే
టక్కు మాయం.
షెడ్డు రేకుల మోత ఒక్కటే మిగిలింది.
నాకెందుకో సిగ్గేసింది,
బడిలో అందరి ముందూ మనవాడి పేరే పిలిచినట్టు.

కింద దూరి ఆయిల్ ట్రే దించాం.
పాకంలా చిక్కటి ఆయిల్, నల్లగా.
"ఇంత చిక్కటిది పోశారంటే దీని నోరు నొక్కడానికే" అంది.
వేలు ముంచి టార్చి వెలుగులో తిప్పితే
గోరు మీద మెరుగుపొడి.
రాడ్డు మూత విప్పింది.
బేరింగు ఉండాల్సిన చోట
బేరింగు లేదు.
తోలు.
ఆయిల్ తాగి తాగి మెత్తబడిన తోలు పట్టీ,
అంచులు నలిగి, మధ్యలో గుండ్రంగా ఒక బెజ్జం.
బెల్టుకి ఉంటుందే, ఆ బెజ్జం.

ఆవిడ నవ్వలేదు.
దాన్ని బొటనవేలి మీద పరిచి
కోసిన అంచు చూసింది.
"చేయి తిరిగినవాడే. కొలిచి కోశాడు."

అప్పుడు గుర్తొచ్చాడు సిప్రియానో ఆంతియేకో.
తాళాలు నా చేతిలో పెట్టి
"అరవై దాటించకు, దానికి నచ్చదు" అన్నాడు.
డబ్బు లెక్కపెట్టకుండానే జేబులో కుక్కుకున్నాడు.
దుమ్ములో నడిచి పోతుంటే చూశాను,
ఆయన పాంటు
ఉన్ని బేళ్ళు కట్టే పురికొస మీద నిలబడి ఉంది.
పాపం, ఎంత లేనివాడో అనుకున్నాను.
అది చూసే కదా
బేరం మధ్యలో ఆపేశాను.

ఎలూనెద్ క్రాంకు మీద గోరు పోనిచ్చింది.
గీతలు పడ్డాయి, బతుకుతుంది.
కొత్త బేరింగు బ్వెనోస్ ఐరెస్ నుంచి రావాలి, పన్నెండు రోజులు.
నాకు ఎల్లుండి తెల్లారేసరికి ఉన్ని కత్తిరింపు:
నూట నలభై కిలోమీటర్లు, నాలుగొందల గొర్రెలు,
వేరే బండి లేదు.

ఆవిడ చేతులు తుడుచుకుంది.
టేపు లాగి క్రాంకు చుట్టూ కొలిచి
కొలత గోడ మీద సుద్దతో రాసుకుంది.
కాసేపు ఏమీ అనలేదు.
రేకులు మోగుతున్నాయి.
తర్వాత మెల్లగా
నా నడుం వైపు చూసింది.