నీళ్ళ చాటున

మే నెల ఇరవయ్యో తారీకు. పెరంబూరు.
రాత్రి తొమ్మిదైనా గోడ ముట్టుకుంటే
అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా వేడి.
అర్ధరాత్రిలోగా మూడు కొట్ల లెక్కలు
సర్కారుకు అప్పజెప్పాలి:
మింట్ స్ట్రీటు కనకయ్య శెట్టి స్టీలు సామాను,
వాళ్ళ బామ్మర్ది బొత్తాలు, జిప్పులు,
కొత్తగా ఒప్పుకున్న అప్పడాల ఆవిడ.

లాప్‌టాప్ చూస్తే
"కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు" అంటుంది.
ఇదేం మాట?
పెళ్ళికొచ్చాను గానీ విస్తరి ముందు కూర్చోను అన్నట్టు.
ఏమైందే నీకు అని అడిగితే
చుక్కల్ని గుండ్రంగా తిప్పుకుంటూ
నీళ్ళు నములుతుంది.

ఆపాను. పెట్టాను.
రౌటర్ వైరు పీకి, ముప్పై లెక్కపెట్టి,
ఇరవై తొమ్మిదికి పెడితే పాపమన్నట్టు ఆగి ఆగి,
మళ్ళీ గుచ్చాను.
ఈ నెట్‌వర్క్‌ను మరిచిపో అన్నాను. మరిచిపోయింది.
గుర్తు తెచ్చుకో అన్నాను.
పాస్‌వర్డ్ అడిగింది. దాన్ని నేను మరిచిపోయాను.
రౌటర్‌ను వెల్లకిలా తిప్పి, టార్చి పట్టి,
చీమ తలకాయంత అక్షరాల్లో
అది సున్నానో ఓ నో తేలక
రెండు రకాలుగానూ కొట్టాను.

తమ్ముడు మునిరత్నం ఫోన్లో
"డ్రైవర్ పాతబడిందేమో చూడక్కా" అన్నాడు.
ఈ ఇంట్లో పాతబడనిదేదో చెప్పు, అది వదిలేసి తక్కినవి చూస్తాను.
కంపెనీ కుర్రాడు తమిళంలో
"మా వైపు అంతా పచ్చగానే ఉంది మేడం" అన్నాడు.
ఉంటుంది నాయనా.
వరసగా నాలుగు దీపాలు నాకూ కనపడుతున్నాయి.
ఈ ఎండాకాలం మా వీధిలో పచ్చగా ఉన్నవి అవే.

చిత్రం, ఫోన్లో వస్తోంది.
హాల్లో నిలబడితే వస్తోంది.
లోపలి గదిలో, నా బల్ల దగ్గర, లేదు.
మొన్నటిదాకా ఉంది.
మొన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది?
కొళాయి ఆగిపోయింది.
దానికీ దీనికీ ఏం సంబంధం?

పదిన్నరకి బిందె అడుగంటింది.
నిన్న ఇసక్కి భుజాన మోసుకొచ్చి
గుమ్మం పక్కన పేర్చిపోయిన క్యాన్లు,
కింద రెండు, వాటి మీద ఒకటి,
ఇరవయ్యేసి లీటర్ల నీలం కడుపులు.
పైదాన్ని కౌగిలించుకుని దించబోతూ వంగితే
వెనకాల పొట్టి స్టూలు, స్టూలు మీద రౌటర్.
నీళ్ళలోంచి దాని దీపాలు
ఈదుతున్నట్టు కనపడ్డాయి.
క్యాన్ నేలకు ఆనిందో లేదో
లోపలి గదిలో ఠంగుమంది.
శెట్టిగారి మెయిలు. మధ్యాహ్నం పంపింది.

టెన్త్‌లో ఫిజిక్సు టీచరు చెప్పే ఉంటుంది,
అలల్ని నీళ్ళు తాగేస్తాయని.
నేను కిటికీలోంచి చూస్తూ ఉండుంటాను.
అంటే ఇంతసేపూ
నా లెక్కలన్నీ ఈ క్యాన్లు తాగాయి,
వాటిని మేం తాగాం.

జరపడానికి ఇంట్లో చోటు లేదు.
రౌటర్‌నే ఎత్తి
రెండు మూతల మీద అడ్డంగా కూర్చోబెట్టాను.
గట్టెక్కిన ఎండ్రకాయలా
రెండు కొమ్ములూ పైకెత్తి కూర్చుంది.
పదకొండు యాభై రెండుకి
అప్పడాలు కూడా వెళ్ళిపోయాయి.

పొద్దున ఐదున్నర. తలుపు చప్పుడు.
ఎదురింటి సెల్వరాణి అక్క, చంకలో వట్టి బిందె.
"లారీ రాలేదు కణ్ణూ. ఒక్క క్యాన్ ఉంటే..."
ఆమె చూపు నా భుజం మీదుగా
పచ్చ దీపాల కిందికి పోయింది.
ఇసక్కి మళ్ళీ గురువారం గానీ రాడు.
ఉందనాలా, లేదనాలా,
కనెక్ట్ అయ్యే ఉన్నాను,
కాసేపు గుండ్రంగా తిరిగి,
నీళ్ళు నమిలి,
ఒక చేత్తో రౌటర్‌ను ఎత్తి పట్టుకున్నాను.

"తీసుకో అక్కా, ఎడమవైపుది.
వైరు జాగ్రత్త."