వెంట్రుకవాసి

చియాతురాకు ఎగువన, క్విరిలా నది మీది పాత ఇనప వంతెన.
దాని కడుపు కింద తాడుకు వేలాడుతూ
రెండు వారాలు గాజు దారం అతికించాను.
తల వెంట్రుకంత దారం. జిగురు ఆరేదాకా
ఊపిరి కూడా పక్కకు తిప్పి వదిలాను.

దారంలోకి వెలుగు పంపుతాం.
లోపల అక్కడక్కడా గీసిన సన్నగీతల దగ్గర
కొంత వెలుగు వెనక్కి మళ్లుతుంది.
దూలం సాగితే గీతల ఎడం సాగుతుంది,
తిరిగొచ్చే రంగు ఇసుమంత జరుగుతుంది.
ఎరుపుకు అవతలి రంగు, కంటికి ఆనదు.
పది లక్షల్లో ఒక వంతు సాగుడు.
నా జీతం దాన్ని రాసుకున్నందుకే.

పక్కనే ఇంకో దారం, దేనికీ అతకనిది,
సన్న గొట్టంలో వదులుగా పడుకుని ఉంటుంది.
ఎండకు అదీ సాగుతుంది, మంచుకు అదీ ముడుచుకుంటుంది.
బరువు మాత్రం ఎరగదు.
దీని మాటలోంచి దాని మాట తీసేస్తే
మిగిలేదే మోత.
అక్క ఇర్మా విని నవ్వింది:
"మన ఇంట్లో ఆ రెండో దారం నువ్వేనే."
నేనేమీ అనలేదు. నేను చదివిన నాలుగేళ్లూ
గోతాలు కుట్టినవి ఆమె వేళ్లు.

కాపలా ఒతియా తాతకు నా పెట్టె అంటే గిట్టదు.
లారీ దాటాక రెయిలింగ్ మీద అరచెయ్యి ఆనించి
కాసేపు ఉంటాడు, చూలు ఆవు పొట్ట తడిమినట్టు.
"అలిసింది" అంటాడు.
"ఎంత?" అంటే కోపం.

ఫిబ్రవరి. రాత్రి రెండూ నలభై.
మాంగనీసు లారీ, కాగితం మీద ఇరవై టన్నులు.
తెర మీద గీత లేచింది.
లారీ వెళ్లింది, గీత దిగింది.
దిగింది గానీ ఇల్లు చేరలేదు,
సున్నాకు పదకొండు మెట్ల పైన ఆగిపోయింది.
వదులు దారాన్ని అడిగాను. చలి మారలేదంది.

అడ్డుకర్ర దించేశాం.
తెల్లారి రొట్టెల వ్యాను ఎనిమిది కిలోమీటర్లు చుట్టు తిరిగి
చల్లారిపోయి వచ్చింది.
బేకరీ జూజూనా ముఖం మీదే అడిగింది:
"నిలబడే ఉంది కదా, నీ కళ్లకేమైంది?"

నిజమే, నిలబడే ఉంది.
వెంట్రుకవాసిలో తప్పిందని ఎవరూ అనరు,
తప్పిందేమిటో ఎవరూ చూడలేదు.

ఏప్రిల్లో ఆ దూలం విప్పారు.
బోల్టు రంధ్రం అంచున
గోరు కూడా పట్టనంత పగులు.
ఒతియా తాత దాని మీద చూపుడువేలు పెట్టి
చాలాసేపు తియ్యలేదు.
తర్వాత నా వైపు తిరక్కుండానే అడిగాడు,
"ఎంత?"